సమోవా మహిళలకు పార్లమెంటులో కోటా ఉంది. గ్రామ ఫోనోలో చోటు ఎందుకు లేదు?

ప్రశ్న

పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దేశాల రాజ్యాంగాలను గురించి మేము కొందరం కలిసి నెలకొకసారి చదివి చర్చించుకుంటాం. ఈ నెల సమోవా వంతు. సుమారు రెండు లక్షల జనాభా ఉన్న ఆ దేశం 1962 జనవరి 1న స్వాతంత్ర్యం పొందింది. మహిళలపై అన్ని రకాల వివక్షను నిర్మూలించే అంతర్జాతీయ ఒప్పందంలో 1992లోనే చేరింది. పసిఫిక్ ద్వీప దేశాల్లో అందరికంటే ముందుగా చేరింది కూడా అదే. 2013లో రాజ్యాంగాన్ని సవరించి, పార్లమెంటు సభ్యుల్లో కనీసం 10 శాతం మంది మహిళలు ఉండి తీరాలని నిర్ణయించుకుంది. 2021లో ఫియామె నవోమి మతాఅఫా ఆ దేశపు తొలి మహిళా ప్రధానమంత్రి అయ్యారు. ఇంతవరకు చదివినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

అయితే మరి కొంత లోతుగా చదివితే, గ్రామాన్ని పాలించే ఫోనోలో, అంటే కుటుంబ పెద్దల సభలో, మహిళలు దాదాపుగా కనిపించరనీ, కొన్ని గ్రామాలు మహిళలకు కుటుంబ పెద్ద హోదానే గుర్తించవనీ తెలిసింది. మరోవైపు, సమోవా సంస్కృతిలో సోదరికి ఉన్న గౌరవం మరెవరికీ లేదని, సోదరి సోదరుని కంటిపాప వంటిదని అక్కడి సామెత చెబుతుందని కూడా చదివాను. ఈ రెండూ ఒకే సమాజంలో ఎలా ఇముడుతున్నాయో నాకు అర్థం కావడం లేదు. అంత గౌరవం ఉన్న చోట ఇంత వివక్ష ఎందుకు ఉంది? దీన్ని తొలగించాలంటే చట్టం ముందు నడవాలా, ఆచారం ముందు మారాలా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం

నమస్కారం. ద్వీప దేశాల ఎన్నికల చట్టాలను కొన్నేళ్లుగా చదువుతున్న అనుభవంతో రాస్తున్నాను. మీకు కనిపించిన వైరుధ్యం నిజమైనదే. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు మతాయి వ్యవస్థ దగ్గర మొదలుపెట్టాలి.

సమోవాలో ప్రతి విశాల కుటుంబానికీ, అంటే ఐంగాకు, ఒక బిరుదు ఉంటుంది. ఆ బిరుదు ధరించిన వ్యక్తిని మతాయి అంటారు. దేశంలోని భూమిలో దాదాపు 80 శాతం ఆచార భూమి కాబట్టి, ఆ భూమి మీద అజమాయిషీ కూడా మతాయిదే. బిరుదు తండ్రి నుండి కొడుకుకు దానంతటదే సంక్రమించదు. ఆ బిరుదుకు వారసులైన వారందరూ కూర్చుని మాట్లాడుకుని ఎవరికి ఇవ్వాలో నిర్ణయిస్తారు. వారసుల్లో సోదరుని సంతతి, సోదరి సంతతి అని రెండు శాఖలు ఉంటాయి. సోదరి శాఖ మాటకు ఎంతో విలువ ఉంటుంది. వారు వద్దన్న వ్యక్తికి బిరుదు ఇవ్వడం కష్టం. కానీ బిరుదు ధరించేది మాత్రం ఎక్కువగా సోదరుని శాఖలోని పురుషుడే. ఎవరు పెద్ద కావాలో చెప్పే అధికారం ఆడపడుచుకు ఇచ్చి, తానే పెద్ద అయ్యే దారిని ఆచారం సన్నం చేసింది. మీరు అడిగిన గౌరవమూ వివక్షా ఒకే చోట ఉండటానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మహిళ మతాయి కాకూడదని దేశంలో ఏ చట్టమూ చెప్పదు. రాజ్యాంగంలోని 15వ అధికరణం లింగ వివక్షను నిషేధిస్తుంది కూడా.

ఇక ఎన్నికల సంగతి. 1990 వరకు మతాయిలకు మాత్రమే ఓటు ఉండేది. ఆ ఏడాది జరిగిన ప్రజాభిప్రాయ సేకరణతో 21 ఏళ్లు నిండిన స్త్రీ పురుషులందరికీ ఓటు వచ్చింది గాని, పోటీ చేసే హక్కు మతాయిలకే మిగిలింది. బిరుదులు గల మహిళలు చాలా తక్కువ కాబట్టి అభ్యర్థులూ తక్కువే. బిరుదు ఉన్నంత మాత్రాన సరిపోదు. అభ్యర్థి తన గ్రామానికి వరుసగా మూడేళ్లు మొనొటంగా చేసి ఉండాలని ఎన్నికల చట్టం అంటుంది. మొనొటంగా అంటే ఊరి అవసరాలకు, వేడుకలకు, చావులకు, చర్చి కట్టడానికి మతాయి హోదాలో చెల్లించే సేవ, సొమ్ము, వస్తువులు. ఆ సేవను లెక్కలోకి తీసుకునేది గ్రామం. మహిళా మతాయిని గుర్తించని గ్రామంలో ఒక మహిళకు కుటుంబం బిరుదు ఇచ్చిందనుకుందాం. ఆమె తెచ్చిన పందిని, చాపలను, డబ్బును ఊరు తీసుకుంటుంది; కానీ అది ఆమె మతాయిగా చేసిన సేవ అని లెక్కలో రాయదు. అభ్యర్థిత్వాన్ని ఎవరైనా కోర్టులో సవాలు చేసిన రోజున ఆమె చేతిలో ఏ రుజువూ ఉండదు. చట్టం రాసినవారు స్త్రీలను ఆపాలని రాయలేదు. అయినా ఊరు వేసిన గడియ పార్లమెంటు దాకా పని చేస్తుంది.

2013 నాటి కోటాను ఈ నేపథ్యంలో చూడాలి. ఆ సవరణ ప్రకారం మహిళలకు విడిగా నియోజకవర్గాలు ఉండవు. ఎన్నికల్లో గెలిచిన మహిళలు 10 శాతానికి తగ్గితే, ఓడిన మహిళల్లో ఎక్కువ ఓట్ల శాతం వచ్చినవారిని అదనపు సభ్యులుగా చేర్చుతారు. 2016లో నలుగురు గెలిచారు, ఐదో మహిళను ఇలాగే చేర్చారు. 2021 ఏప్రిల్‌లో 51 స్థానాలకు ఎన్నికలు జరిగితే ఐదుగురు మహిళలు గెలిచారు. ఐదుగురు అంటే 9.8 శాతం. ఇది సరిపోతుందా, ఆరో మహిళ కావాలా అన్న లెక్క మీద దేశ ప్రభుత్వమే నిలిచిపోయింది. ఎందుకంటే రెండు దశాబ్దాలకు పైగా ప్రధానిగా ఉన్న తుయిలయెపా పార్టీకి 25, ఫియామె నాయకత్వంలోని ఫాస్ట్ పార్టీకి 25, ఒక స్వతంత్రునికి ఒకటి వచ్చాయి. ఆ స్థితిలో తుయిలయెపా పార్టీకి చెందిన ఒక మహిళను ఆరో సభ్యురాలిగా ప్రకటించారు. స్వతంత్రుడు ఫియామె వైపు చేరడంతో బలాలు మళ్లీ సమానమయ్యాయి. మే 17న సుప్రీంకోర్టు ఆ ప్రకటన చెల్లదన్నది. మే 24న పార్లమెంటు తలుపులకు తాళం వేసి ఉండటంతో, ఎదుట పచ్చిక మీద వేసిన డేరాలో ఫియామె, ఆమె సహచరులు ప్రమాణం చేశారు. ఆ ప్రమాణం చెల్లుతుందని అప్పీలు కోర్టు జూలై 23న తీర్పు ఇచ్చింది. కనీసం ఆరుగురు మహిళలు ఉండాలన్నదే సరైన అర్థమని, అయితే ఉప ఎన్నికలు, ఎన్నికల వ్యాజ్యాలు ముగిశాకే ఆ లెక్క చూడాలని అంతకు ముందే జూన్‌లో అదే కోర్టు చెప్పింది.

ఫియామె 2025 వరకు ప్రధానిగా ఉన్నారు. ఆమె సామర్థ్యాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. 1985 నుండి పార్లమెంటులో ఉన్నారు, 1991లో తొలి మహిళా మంత్రిగా విద్యాశాఖ చేపట్టారు. అయినా ఆమె ఎదిగిన తీరును చూపి సమోవా మహిళలందరికీ దారి తెరుచుకుందని అనుకోకూడదు. ఆమె తండ్రి ఆ దేశపు తొలి ప్రధానమంత్రి, తల్లి పార్లమెంటు సభ్యురాలు, కుటుంబం దేశంలోని అత్యున్నత బిరుదులు గలది. అటువంటి ఇంట పుట్టని మహిళ తన ఊరి ఫోనోలో కూర్చోగలిగిన రోజున ఆ దారి తెరుచుకుందని చెప్పవచ్చు. పార్లమెంటులో పదిశాతం లెక్క సరిచేసిన ఏ సవరణా ఫోనోను తాకలేదు.

రెండవ సమాధానం

పై సమాధానంలోని చట్ట వివరాలతో నాకు పేచీ లేదు. సోదరి గౌరవం అన్న చోట మాత్రం కొంత చేర్చాలి. నేను సవాయి ద్వీపంలోని ఒక గ్రామంలో రెండేళ్లు పాఠాలు చెప్పాను. పాఠాల కంటే ఎక్కువగా అక్కడి ఇళ్లను చూసి నేర్చుకున్నాను.

ఫోనో జరిగే ఇంటిని ఫలే అంటారు. దానికి గోడలు ఉండవు, చుట్టూ స్తంభాలే. ఏ స్తంభానికి ఆనుకుని ఏ మతాయి కూర్చోవాలో తరతరాలుగా నిర్ణయమై ఉంటుంది. ఊరంతటికీ కనిపిస్తుంది, గాలీ వెలుతురూ వస్తాయి. అయినా స్తంభం లేనివారికి అందులో చోటు లేదు. సభ మొదట్లో అవా అనే పానీయం కలిపి అందరికీ అందిస్తారు. దాన్ని కలిపేది పెద్ద మతాయి కూతురు. ఆమె నిటారుగా కూర్చుని చెక్కగిన్నెలో వేరుపొడిని నీళ్లతో పిసికి, నారతో వడకట్టే తీరు ఎంత నిదానంగా, ఎంత మర్యాదగా ఉంటుందో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. సభ దృష్టి అంతా ఆమె చేతుల మీదే ఉంటుంది. అది ముగిశాక ఆమె పక్కకు వెళ్తుంది, అప్పుడు మాటలు మొదలవుతాయి.

ఆ అమ్మాయి తన ఊళ్లో ఆడపడుచు. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ మధ్య ఉన్న పవిత్రమైన ఒడంబడికను ఫెయంగైంగా అంటారు. అన్న ఆమె ముందు అసభ్యమైన మాట పలకడు, తిండిలో మేలైన భాగం ఆమెకు పెడతాడు. ఊరి ఆడపడుచులందరినీ కలిపి అవాలుమా అంటారు. ఆ గుంపుకు ఊళ్లో పెద్ద గౌరవం. కానీ అదే అమ్మాయి పెళ్లి చేసుకుని భర్త ఊరికి వెళ్తే నోఫోటానే అవుతుంది, అంటే భర్త ఇంట ఉంటున్న కోడలు. ఆ ఊరి అవాలుమాలో ఆమెకు చోటు లేదు. భర్త మతాయి అయితే ఆయన హోదాను బట్టి భార్యల బృందంలో కూర్చుంటుంది. భర్తకు బిరుదు లేకపోతే అందరికంటే కింద ఉంటుంది. తెల్లవారక ముందే లేచి వండేది ఆమె, వడ్డించేది ఆమె, చివర తినేది ఆమె. అత్తింటి ఆడపడుచు ఆజ్ఞలు పాటించవలసినదీ ఆమే. ఒక ఇంటి చిన్న కోడలు ఎనిమిది నెలల గర్భంతో పొగ నిండిన వంటపాకలో ఆదివారపు వంట కోసం రాళ్లు కాల్చి ఆకులు కప్పుతూ ఉండగా చూశాను. అక్కడే నీడలో కూర్చున్న ఆమె ఆడపడుచు చెడ్డ మనిషి కాదు. తాను కూడా తన భర్త ఊళ్లో అలాగే చేసి వచ్చినదే.

అందువల్ల, సమోవాలో స్త్రీకి గౌరవం ఉందా లేదా అని అడిగితే జవాబు దొరకదు. ఆమె ఏ ఊళ్లో నిలబడి ఉందో ముందు అడగాలి. స్త్రీలు జీవితంలో ఎక్కువ భాగం గడిపేది భార్యలుగానే. హింస జరిగేది కూడా ఎక్కువగా ఆ ఇంట్లోనే. అన్నల అండ ఆమె పుట్టింట్లో ఉండిపోతుంది.

మరో మాట కూడా చెప్పాలి. సమోవా స్త్రీలకు సంఘటిత శక్తి లేదని ఎవరూ అనుకోకండి. 1929 డిసెంబరు 28న రాజధాని ఆపియాలో శాంతియుత ఊరేగింపు మీద, అప్పట్లో సమోవాను పాలిస్తున్న న్యూజిలాండ్ పోలీసులు కాల్పులు జరిపి, మావు స్వాతంత్ర్యోద్యమ నాయకుడు తుపువా తమాసెసె లెయలోఫిని పొట్టన పెట్టుకున్నారు. పురుషులు అడవుల్లో తలదాచుకోవలసి వచ్చినప్పుడు, ఆయన భార్య అలా తమాసెసె, మరికొందరు నాయకురాళ్లు మహిళా మావును నిర్మించి ఉద్యమాన్ని నిలబెట్టారు. ఆ దశాబ్దాల్లోనే గ్రామాల్లో మహిళా ఆరోగ్య సంఘాలు పుట్టాయి. శిశు మరణాలను తగ్గించడంలో వాటి పాత్ర చాలా పెద్దది. నేను ఉన్న ఊళ్లో కూడా సంఘం తనిఖీ రోజున ఒకే రంగు పులెటాసి దుస్తులు ధరించిన స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి పడక చాపలు, దోమతెరలు, మరుగుదొడ్లు చూసి, సరిగా లేని ఇంటికి జరిమానా వేసేవారు. మతాయి ఇల్లయినా సరే, జరిమానా కట్టవలసిందే. ఇంత నియమంగా ఊరిని నడిపే స్త్రీలకు ఊరి నీటి పైపు ఏ దారిన వేయాలో చెప్పే సభలో మాట లేకపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

ప్రశ్న వేసినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆడపడుచు, కోడలు అన్న తేడా తెలియక నేను రెండింటినీ ఒకటిగా చదివాను. ఇప్పుడు చాలా విషయాలు విడివడ్డాయి. ఒక సందేహం మిగిలింది. గృహహింస విషయంలో చట్టం వచ్చిందని చదివాను. ఊరి ఫోనో, చర్చి రెండూ బలంగా ఉన్న చోట ఆ చట్టం ఆ కోడలి దాకా ఎలా చేరుతుంది?

మూడవ సమాధానం

చట్టం వచ్చిన మాట నిజం. 2013లో రెండు ముఖ్యమైన చట్టాలు వచ్చాయి. కొత్త నేర చట్టం భార్యపై భర్త చేసే అత్యాచారాన్ని నేరంగా గుర్తించింది. కుటుంబ భద్రతా చట్టం బాధితురాలికి కోర్టు ద్వారా రక్షణ ఉత్తర్వు పొందే అవకాశం కల్పించింది. 2018లో, ప్రజల ఫిర్యాదులను విచారించే అంబుడ్స్‌మన్ కార్యాలయం కుటుంబ హింస మీద బహిరంగ విచారణ జరిపి నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ సంస్థే గ్రామాల్లో ఈ మాటను బహిరంగంగా మాట్లాడించడం చిన్న విషయం కాదు.

కానీ 1990 నాటి గ్రామ ఫోనో చట్టం ఊరి సభకు ఆచారం ప్రకారం శిక్షలు వేసే అధికారాన్ని గుర్తించింది. ఫోనో వేసిన శిక్షను కోర్టు తన శిక్షను నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. ఫోనో సాధారణంగా వేసేది జరిమానా: పందులు, డబ్బాల చేపలు, డబ్బు. జరిమానా పడేది కొట్టినవాడి కుటుంబం మీద. ఆ కుటుంబంలో దెబ్బలు తిన్న కోడలు కూడా ఉంది కదా! పందిని పెంచింది ఆమే, డబ్బు కోసం మార్కెట్‌లో అమ్ముకున్నదీ ఆమే కావచ్చు. ఆమె నోరు తెరిచినందుకు ఇల్లంతా జరిమానా కట్టవలసి వస్తే, రెండోసారి నోరు తెరవడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఇఫోంగా అనే క్షమాపణ ఆచారం కూడా ఇలాంటిదే. తప్పు చేసినవారి మతాయి నేతచాప కప్పుకుని బాధిత కుటుంబం ఇంటి ముందు తలవంచి కూర్చుంటాడు. వారు చాప తొలగిస్తే క్షమించినట్టు. రెండు కుటుంబాల మధ్య రక్తపాతాన్ని ఆపిన గొప్ప ఆచారం అది, దాన్ని నేను చిన్నబుచ్చను. అయితే క్షమించేది ఆమె కుటుంబ పెద్ద. నెలల తరబడి కూర్చుని ఆ చాపను నేసింది స్త్రీలే అయినా, దాన్ని తొలగించాలా వద్దా అన్నది గాయపడిన స్త్రీని అడిగి తీరాలన్న నియమం లేదు.

చర్చి విషయం ఇంకా సున్నితమైనది. 1830లో లండన్ మిషనరీలు వచ్చాక, సోదరికి చెందిన ఫెయంగైంగా అన్న పవిత్ర స్థానం క్రమంగా పాస్టరుకు కూడా వర్తించింది. నేటికీ పాస్టరును ఆ మాటతోనే గౌరవిస్తారు. దేశంలో అతి పెద్దదైన కాంగ్రిగేషనల్ చర్చి మహిళలను పాస్టర్లుగా అభిషేకించదు. మేలైన ఆహారం, మొదటి గౌరవం సోదరి నుండి పాస్టరు వైపు మళ్లాయి. దీన్ని గుర్తించిన సమోవా మహిళా వేదాంతులే ఫెయంగైంగాను తిరిగి స్త్రీలకు, సోదరీమణులతో పాటు భార్యలకు కూడా వర్తింపజేయాలని వాదిస్తున్నారు. నాకు ఈ వాదన మీద ఎంతో నమ్మకం ఉంది, ఎందుకంటే ఇది బయటివారి మాటగా కొట్టిపారేయడానికి వీల్లేనిది. ‘నీ చెల్లెలిని ఎవరైనా ఇలా కొడితే ఊరుకుంటావా, మరి ఈమె ఎవరి చెల్లెలు?’ అని పాస్టరు ఆదివారం వేదిక మీద నుండి అడిగితే, సమోవా పురుషుడికి తప్పించుకునే దారి ఉండదు.

అలాగని చట్టాన్ని ఆచారం మారేదాకా ఆపమని నేను అనను. 2020లో భూములు, బిరుదుల న్యాయస్థానాన్ని సుప్రీంకోర్టు సమీక్ష నుండి వేరుచేసే చట్టాలు వచ్చాయి. వాటిని వ్యతిరేకిస్తూ ఫియామె ఉప ప్రధాని పదవికి రాజీనామా చేశారు. బిరుదు నిరాకరించబడిన మహిళ రాజ్యాంగంలోని సమానత్వ హక్కును చూపి పై కోర్టుకు వెళ్లే దారి ఆ చట్టాలతో ఇరుకైంది. నన్ను అడిగితే రెండు పనులు ముందు జరగాలి. ఒకటి, మహిళ మతాయిగా చేసిన మొనొటంగాను గ్రామం లెక్కించక తప్పదని ఎన్నికల చట్టంలోనే రాయాలి. రెండు, ఇంటి హింస విషయంలో ఫోనో వేసే జరిమానాలో బాధితురాలి వాటా ఏమిటో, ఆమె సమ్మతి ఎవరు తీసుకున్నారో కోర్టు అడగాలి. మహిళా సంఘం ప్రతినిధిని ప్రభుత్వం ఇప్పటికే గ్రామానికి తన ప్రతినిధుల్లో ఒకరిగా గుర్తించి వేతనం ఇస్తోంది. ఆ మహిళ ఫోనో జరిగే రోజున ఫలే వెనుక వంట దగ్గర ఉండకుండా, ఒక స్తంభానికి ఆనుకుని కూర్చోవడానికి ఊళ్లోని మతాయిలు ఒప్పుకోవాలి. అలా ఒప్పుకున్న ఊరు ఒక్కటి ఉన్నా, పక్క ఊరి ఆడపడుచులు ఆ సంగతిని తమ అన్నల దగ్గర ఎత్తుతారు.